గాజుసీసాలో గుండెతీగ

"ఈ కొంగుకు అంచు ఏం రంగు?"

"ఇంకా అద్దకం కాలే."

కోడ్ సరిపోయింది. రామచంద్రం మగ్గం పక్కకు జరిగి వినోదకు చోటిచ్చాడు.

సిరిసిల్లలోని ఆ షెడ్డులో పవర్‌లూమ్‌లు ఒకదాని మీద ఒకటి పోటీపడి కొట్టుకుంటున్నాయి. ఏ గోడలో ఏ మైక్ దాచినా దానికి దొరికేది ఆ చప్పుడే. సౌండ్‌ప్రూఫ్ గది కట్టే బాధ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కు తప్పింది. రామచంద్రం గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రం కదిలించాడు. వినోద చూస్తూ విన్నది.

ఆమె పుట్టింది ఇలాంటి షెడ్డులోనే. అవ్వ ఒక మగ్గం దగ్గర, బాపు ఇంకో మగ్గం దగ్గర నిలబడి పెదవులతోనే కొట్లాడుకునేవారు, పెదవులతోనే రాజీపడేవారు. పెదవులు చదివే ఆ చూపు కోసమే డిపార్ట్‌మెంట్ ఆమెను తీసుకున్నది. తుపాకీ గురి అంతంతమాత్రమే.

"ఆపరేషన్ మొలక," అన్నాడు రామచంద్రం. "లక్సెట్టిపేట దగ్గర ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్ ఉంది. గుండెతీగ పేరు విన్నవా?"

"ఖానాపూర్ అడవిలో దొరికేది. గుండెదడకు వేరు అరగదీసి ఇస్తరు."

"దొరికేది. తవ్వి తవ్వి ఇప్పుడు దొరుకుత లేదు. ఆ ల్యాబోళ్ళు చిన్న వేరు ముక్క తెచ్చి గాజుసీసాలో పెంచుతున్నరు. మట్టి లేదు, ఆకు లేదు. చక్కెర నీళ్ళల్ల ఉత్త వేర్లే పెరుగుతయి. ఆ వేర్లలోంచి మందు తీస్తరు. ఎన్నో రకాలు పెంచితే ఒక్కటి బాగా కుదిరింది. దాని పేరు లైన్ సెవెన్. ఒక విదేశీ ముఠా కన్ను దాని మీద పడ్డది."

"ఒక ముక్క పోతే ఏమైతది సార్?"

"ముక్క చాలు. అక్కడ పెంచుకుంటరు, పేటెంట్ తీసుకుంటరు. మన అడవి మందును మనకే అమ్ముతరు."

ఆయన జేబులోంచి బొట్టుబిళ్ళల షీట్ తీసిచ్చాడు. చివరి బిళ్ళ ట్రాకర్. "పొరపాటున పెట్టుకోకు. సాటిలైట్ నిన్నే వెంబడిస్తది."

"లోపల మనవాళ్ళు?"

"ల్యాబ్ మేనేజర్ పద్మలత. ఆమెను కొన్నమని ముఠా అనుకుంటున్నది. ఆమె మన అసెట్. డబుల్ ఏజెంట్."

"నమ్మొచ్చా సార్?"

"అందగత్తెలంటే డిపార్ట్‌మెంట్‌కు మొదటి నుంచీ నమ్మకం ఎక్కువ," అన్నాడు రామచంద్రం. నవ్వలేదు.

*

వినోద సీసాలు కడిగే పనిలో చేరింది. కవర్ సులువుగానే కుదిరింది. నూనె పెట్టిన జడ, రబ్బరు చెప్పులు, తక్కువ మాటలు. మొదటి రెండు వేషం, మూడోది సొంతం.

ఆ విభాగంలో పెద్దదిక్కు కొమురవ్వ. చేతులు ఎప్పుడూ సబ్బునీళ్ళతో ముడుతలు పడి ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళను తిట్టడం ఆమె హక్కు, తిండి పెట్టడం ఆమె జబ్బు.

"ఏందే, గిది టిఫినా, పిట్టకేసే గింజలా? ఇటు పట్టు గిన్నె."

"వద్దక్కా, సరిపోతది."

"సరిపోతే గీ చేతులు గిట్లెందుకుంటయ్? తిను. నీ తిండి లెక్క పెట్టేటోళ్ళు ఇక్కడెవ్వరు లేరు."

గాజుగోడ అవతల కల్చర్ గది. గులాబీ రంగు వెలుగు, ఎండాకాలంలోనూ ఆగని ఏసీ. వరుసగా పేర్చిన సీసాల్లో తెల్లటి వేర్లు, ముసలమ్మ జుట్టు విప్పినట్టు నీళ్ళలో ఊగుతుండేవి. బయట లక్సెట్టిపేట ఎండకు రోడ్డు మీది తారు మెత్తబడుతుంటే, అవి మాత్రం చల్లగా పెరిగేవి. "మనకన్న వీటి బతుకే నయం," అనేది కొమురవ్వ.

పద్మలత తెల్లకారులో దిగేది. నల్లకళ్ళద్దాలు, నీలిరంగు కాటన్ చీర, దగ్గరికి వస్తే మల్లె కాదు, ఏదో దూరదేశపు పూల వాసన. ఒక మధ్యాహ్నం వినోదను తన గదికి పిలిచి తలుపు వేసింది.

"వాళ్ళు సరుకును మనిషితో పంపుతారు. గల్ఫ్‌కు పోయే అమాయకుడు కావాలి. పార్సిల్ ఇస్తే తీసుకుపోవాలి, ఏముందని అడగకూడదు. అలాంటివాణ్ణి నేనే చూపిస్తే వాళ్ళకు నా మీద నమ్మకం కుదురుతుంది. నీకు ఊళ్ళో ఎవరైనా తెలుసా?"

వినోదకు తెలుసు. ముందురోజే కొమురవ్వ ఇంట్లో అన్నం తిన్నది. కొమురవ్వ తమ్ముడు మొండయ్య దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. అక్కడ పెద్దపెద్ద బిల్డింగుల అద్దాలు తుడిచే పని. "చెల్లె, అంత పైకి పోతే దేవుడు కనవడుతడనుకున్న. లోపల కూసున్న షేక్ కనవడ్డడు," అని నవ్వించాడు.

ఆ పేరు వినోద నోట్లోంచే వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు.

"మొండయ్య," అంది. "కొమురవ్వ తమ్ముడు."

"వెరీ గుడ్. ట్రాకర్ నువ్వు పెట్టు. అక్కడ కొనేవాణ్ణి పట్టుకోగానే అతన్ని వదిలేస్తారు. అతనికేమీ కాదు."

ఆ రాత్రి వినోదకు అన్నం సహించలేదు. అతనికేమీ కాదు అన్న మాటను పిండిపిండిగా నమిలింది. మింగుడుపడలేదు.

*

గల్ఫ్‌కు పోయేవాడి ఇంటికి బయలుదేరే ముందురోజు ఊరంతా వస్తుంది. ఒకరు కొడుక్కని సకినాలు, ఒకరు మొగునికని తొక్కు, ఒకరు అల్లునికని బీపీ గోలీలు తెస్తారు. వద్దనకూడదు. మూట విప్పి చూడకూడదు. చూస్తే అనుమానించినట్టు. రేపు తన ఇంటి పార్సిల్ మోసేది కూడా వాళ్ళ పిల్లలే గదా.

మొండయ్య చాప మీద కూర్చుని ఒక్కొక్కటే బ్యాగులో సర్దుతున్నాడు.

"గంగుబాయవ్వా, మల్ల మామిడికాయ తొక్కేనా? నీ కొడుకు అక్కడ కొట్టు పెట్టుకున్నడా?"

గంగుబాయి ఆదిలాబాద్ అవతల మరాఠీ ఊరి నుంచి వచ్చిన కోడలు. ముసలితనం వచ్చినా యాస పోలేదు. "నీకేంరా, మోసేది విమానం. జర సీదా పెట్టు, నూనె కారుతది."

సాయంత్రం ఖానాపూర్ నుంచి సాంబయ్య అని ఒక పెద్దమనిషి వచ్చాడు. భుజం మీద తువ్వాల, చేతిలో స్టీలు డబ్బా. కొడుకు దుబాయిలో మొండయ్య ఉండే లేబర్ క్యాంపులోనే ఉన్నాడన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "మిరపకాయ తొక్కు బిడ్డా. వాళ్ళవ్వ చేసింది. జర వానికి ముట్టజెప్పు."

"ఫికర్ చెయ్యకు కాకా. నా చేతులతోని ఇస్త," అన్నాడు మొండయ్య.

ఏడుపు కొంచెం ముందే మొదలైందని వినోద గమనించింది. పార్సిల్ ఇదే. "నేను కడ్త అన్నా," అని డబ్బా తీసుకుంది. మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు చుట్టి, అడుగున బొట్టుబిళ్ళ అంటించింది.

"చూసినవా అక్కా, ఎంత మంచిగ కట్టిందో," అన్నాడు మొండయ్య. "చెల్లె చెయ్యి పడితే ఇగ కారదు."

కొమురవ్వ వెనుక నుంచి వచ్చి వినోద తల మీద చెయ్యి వేసింది. వినోద తల ఎత్తలేదు.

*

మరుసటి ఉదయం పద్మలత కల్చర్ గదిలో ఫోను మాట్లాడుతోంది. గాజు అవతల మాట వినబడదు. అందుకే ఆమె ఆ గదిని ఎంచుకుంది. ఇవతల సీసాలు తుడుస్తున్న మనిషి మగ్గాల మధ్య పెరిగిందని ఆమెకు తెలియదు.

మొండయ్య. ఆ పేరు చదవడం తేలిక, పెదవులు కలిసి విడిపోతాయి. తర్వాత, డబ్బా అడుగు. ఇంకో మాట నోటి లోపలే తిరిగింది, పెదవులకు అందలేదు. అవతలివాడికీ అర్థం కాలేదేమో, పద్మలత చిరాగ్గా విడమరిచి మళ్ళీ పలికింది.

గసగసాలు.

వినోద చేతిలోని సీసాను తుడుస్తూనే ఉంది. ఇక్కడ గసగసాలు కూరలో వేసుకుంటారు. అక్కడ అవే మత్తుమందు కింద లెక్క. గల్ఫ్‌కు పోయే ప్రతి ఇంట్లో ఆ భయం తెలుసు.

పద్మలత పెదవులు కదులుతూనే ఉన్నాయి. "దిగగానే పోలీసులకు చెప్పండి. అందరూ వాడి చుట్టూ ఉంటారు. ఆ గొడవలో నా బ్యాగు ఎవరూ చూడరు. వేర్లు నాతోనే వస్తాయి."

డబ్బాలో లైన్ సెవెన్ లేదు. పద్మలత డిపార్ట్‌మెంట్ మనిషి కాదు. మొండయ్య క్యారియర్ కూడా కాదు, ఎర. ఆ ఎరను గాలానికి గుచ్చింది వినోద.

సీసాల గది వెనక్కి పోయి, కిరాణా షాపు అని సేవ్ చేసుకున్న నంబరుకు ఫోను చేసింది.

"సార్, మేడం మన మనిషి కాదు." చదివిందంతా చెప్పింది.

రామచంద్రం చివరిదాకా విన్నాడు. "నాకూ కొంత అనుమానముండె. మంచిదే. విమానంలో ఆమె వెనుక మనిషిని పెడ్త. అక్కడ కొనేటోని చేతిలో పెట్టేటప్పుడు ఇద్దరిని పట్టుకుంటం."

"మొండయ్యను ఆపుతరు గదా?"

"ఆపితే ఆమెకు తెలిసిపోతది. పోనియ్యి."

"జైలు సార్. ఏండ్లు ఏండ్లు."

"ఎంబసీతోని మాట్లాడుదాం. తర్వాత."

"తర్వాత అంటే ఎప్పుడు సార్?"

"వినోద, క్యారియర్ గురించి ఇంతగనం ఆలోచించొద్దు. మన పనిలో అది మొదటి పాఠం."

"ఆయన పేరు ఇచ్చింది నేను సార్."

ఫోను అప్పటికే పెట్టేశాడు.

*

మధ్యాహ్నం జీపు బయలుదేరింది. డ్రైవరు, మొండయ్య, వినోద. విమానాశ్రయం దాకా తోడు పొమ్మని పద్మలతే ఆమెకు చెప్పింది. ఎర గాలం మీద ఉందో లేదో చూసుకోవడానికి వెనుక తెల్లకారు వస్తోంది.

కొమురవ్వ గడపలో నిలబడి, తమ్ముడి చేతికి కాదు, వినోద చేతికి నీళ్ళ సీసా ఇచ్చింది. "వాడు మతిమరుపోడు. నువ్వే చూసుకో."

దారి పొడుగునా మొండయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. వినోద అవునంటూనే ఉంది. ఆపితే ఆపరేషన్ పోతుంది. ఆపకపోతే ఈ మనిషి పోతాడు. డిపార్ట్‌మెంట్ నేర్పిన లెక్కలో ఇది చిన్న నష్టం.

రాయపట్నం వంతెన మీద మొండయ్య జీపు ఆపించాడు. "గోదారికి పైసలు వెయ్యకుంట ఎన్నడు దాటలే."

కింద ఎండిన ఇసుక మధ్య సన్నటి పాయ మెరుస్తోంది. ఎండ ఇనుప రెయిలింగును ముట్టనివ్వడం లేదు. మొండయ్య వేసిన నాణెం ఇసుక దాటి నీళ్ళలోనే పడింది. పిల్లవాడిలా సంబరపడ్డాడు.

"అన్నా," అంది వినోద. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఖానాపూర్ డబ్బా ఇక్కడే పారెయ్యి."

"ఏమైంది చెల్లె? కారుతుందా?"

"అడుగున గసగసాలున్నయ్. నిన్ను అక్కడ పట్టిస్తరు."

మొండయ్య నవ్వబోయి ఆగాడు. "పాగల్ అయినవా? పెద్దమనిషి ఏడ్చుకుంట ఇచ్చిండు. ఇంకొకల మూట నేను విప్పుతనా? ఇజ్జత్ ఉంటదా?"

"ఆ ఏడుపు అబద్ధం."

"నీకెట్ల తెలుసు?"

"వాళ్ళకు నీ పేరు చెప్పింది నేనే గనుక."

మొండయ్య ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కోపం రాలేదు. వస్తే బాగుండునని వినోద అనుకుంది.

"మా అక్క ఇంట్ల తిన్నవ్ గదనే," అన్నాడు చివరికి. అంతే.

తెల్లకారు కాస్త వెనుకగా ఆగింది. పద్మలత దిగి, నదిని ఫోటో తీస్తున్నట్టు ఫోను ఎత్తింది. చూపు మాత్రం వీళ్ళ మీదే. వినోద ఒకటి గమనించింది. కారులో ఎవరూ లేరు. అయినా ఇంజిను ఆపలేదు. అద్దాలు బిగించి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. ఖాళీ కారుకు చల్లదనం ఎందుకు?

వినోద తల వంచుకుని అటు నడిచింది. "మేడం, జర చల్లటి నీళ్ళున్నయా?"

"ఎందుకు ఆగారు? త్వరగా పొమ్మను వాణ్ణి," అంది పద్మలత లోగొంతుతో.

అప్పటికే వినోద కారు తలుపు తీసింది. వెనుక సీట్లో మేకప్ పెట్టె. మూత సందులో పొడవాటి గాజుగొట్టాలు, వాటిలో తెల్లటి వేర్లు. వినోద ఇంజిను ఆపి, తాళంచెవి లాగి, తలుపు మూసి లాక్ నొక్కింది. కారు రెండుసార్లు కూసింది.

పద్మలత నల్లకళ్ళద్దాలు తీసేసింది. ఆమె చేతిలో ఇప్పుడు ఫోను లేదు. లిప్‌స్టిక్ గొట్టం కన్నా కొంచెం పెద్ద పిస్తోలు ఉంది.

"కీ ఇవ్వు."

వినోద తాళంచెవిని రెయిలింగ్ అవతలికి చాపింది. "కాల్చు మేడం. నాతోపాటు ఇది కూడా పడుతది."

"పిచ్చిదానా, ఈ ఎండలో అవి ఉడికిపోతాయి. ఆరేళ్ళు పెంచాను. ఒక్కో గొట్టానికి రాత్రంతా కాపలా కూర్చున్నాను." పద్మలత గొంతు నిజంగానే వణికింది. అప్పటిదాకా ఆమె పలికిన మాటల్లో నిజమైనది అదొక్కటే. "నిన్ను కాదు. వాణ్ణి కాలుస్తా. మూడు లెక్కపెడతా."

పిస్తోలు మొండయ్య వైపు తిరిగింది.

"ఒకటి."

వినోద చెయ్యి వెనక్కి వచ్చింది. ఆ మనిషిని ఒకసారి పణంగా పెట్టింది. రెండోసారి చేతకాలేదు.

"రెండు."

"ఇస్త! ఆగు!"

పద్మలత కళ్ళు తాళంచెవి మీదికి మళ్ళాయి. ఆ రెప్పపాటులో మొండయ్య జీపులోంచి స్టీలు డబ్బా లాగి, ఇజ్జత్ సంగతి మరిచిపోయి మూత పీకి, ఉన్నదంతా ఆమె మొహం మీద విసిరాడు.

ఎర్రటి మిరపకాయ తొక్కు. సాంబయ్య ఏడుపు అబద్ధమైనా, కారం నిజమైనది.

పద్మలత అరుపుతోపాటు పిస్తోలు ఆకాశంలోకి పేలి కింద పడింది. వినోద దాన్ని కాలితో దూరం తన్ని, ఆమె మళ్ళీ కారెక్కకుండా తాళంచెవిని గోదారిలోకి విసిరింది. గోనెసంచులు వేసుకుని ట్రాకర్ వెంట వస్తున్న ట్రాలీ ఆటో అప్పుడే వంతెన ఎక్కింది. అందులోంచి దూకిన రైతులెవరూ రైతులు కారు.

పద్మలత కళ్ళు కనబడక రోడ్డు మీద కూర్చుని, "అద్దం పగలగొట్టండి, చచ్చిపోతాయి," అంటూనే ఉంది. పగలగొట్టేసరికి ఆలస్యమైంది. గొట్టాల్లో తెల్లటి వేర్లు ఉడికిన పాలకూరలా వంగిపోయి ఉన్నాయి. ల్యాబులోని తల్లి సీసాలు భద్రంగానే ఉన్నాయని తెలిసినా, వినోద వాటి వైపు చూడలేకపోయింది.

రోడ్డు మీద తొక్కు మధ్యలో ప్లాస్టిక్ కవరు పడి ఉంది. లోపల గసగసాలు. మన చట్టం ప్రకారం నేరం కాదు. ఒక ఆఫీసరు దాన్ని ఎటు రాయాలో తోచక తల గోక్కున్నాడు.

*

సాంబయ్య ఖానాపూర్ బస్టాండులో దొరికాడు. దుబాయిలోని కొనుగోలుదారు దొరకలేదు.

"పెద్ద చేప పోయింది," అన్నాడు రామచంద్రం, మగ్గాల మధ్య. "లైన్ సెవెన్ దక్కింది గనుక నిన్ను సస్పెండ్ అనను. సెలవు అంటా. ఎప్పటిదాకా అనేది నేను చెప్త."

"మొండయ్య కొలువు పోయింది సార్. వాంగ్మూలమని కూసోబెడితే విమానం పోయింది. సెలవు దాటిందని కంపెనీ వద్దన్నది."

"సంతకం తీసుకున్నం గదా, ఎవరికీ చెప్పనని?"

"తీసుకున్నరు."

"అయితే మంచిదే."

వినోద లక్సెట్టిపేట బస్సెక్కింది.

మొండయ్య అప్పటికే బ్యాగు విప్పి, ఎవరి పార్సిల్ వాళ్ళకు తిరిగి ఇవ్వడానికి బయలుదేరుతున్నాడు. విమానం తప్పిపోయిందని మాత్రం చెప్పాడట. అక్కకు కూడా అంతే చెప్పాడు. కొమురవ్వ ఏమీ తెలియక, ఎప్పటిలాగే వినోద ముందు పళ్ళెం పెట్టింది. ఆ అన్నం కన్నా పద్మలత పిస్తోలు తేలిక అనిపించింది.

"నేను మోస్త అన్నా," అని వినోద బరువైన సంచి అందుకుంది.

మొండయ్య వద్దనలేదు. కొంతదూరం నడిచాక అన్నాడు, "చెల్లె, నువ్వు నాకు జైలు తప్పించినవ్. కొలువు కూడ తప్పించినవ్. రెండిట్ల ఏది ముందు యాదుంచుకోవాల్నో తెలుస్తలేదు."

"రెండోదే అన్నా."

"ఊఁ," అన్నాడు. సంచి మాత్రం తీసుకోలేదు.

ఇల్లిల్లూ తిరిగారు. "పోలేదా?" అని ఇంటింటా అడిగారు. మొండయ్య ప్రతిచోటా అదే అబద్ధం చెప్పాడు. చివరి ఇల్లు గంగుబాయిది. ఆమె తొక్కు సీసా మూత తీసి వెలుతురుకు పట్టింది. వంతెన మీద మొండయ్య స్టీలు డబ్బా లాగినప్పుడు ఈ సీసా జీపులో దొర్లి, నూనె సగం కారిపోయింది.

"అరే, తగ్గింది," అంది ముసలమ్మ. "నా కొడుకు తొక్కు ఎవరు తిన్నరు?"

మొండయ్య నోరు తెరిచాడు. సంతకం గుర్తొచ్చి మూశాడు.

వినోద ముందుకు వచ్చింది. అసలు నేరం ఒప్పుకోవడానికి అనుమతి లేదు. చేయనిది ఒప్పుకోవచ్చు. "నేనే తిన్న అవ్వా. తప్పయింది."

గంగుబాయి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. సన్నటి చేతులు, రబ్బరు చెప్పులు. ముసలి మొహం మెత్తబడింది.

"గంతే గదా. అడిగితే పెట్టనా బిడ్డా? అడగకుంట తీసుకునుడు ఎందుకు?"

డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్ళ ట్రైనింగులో అడిగి తీసుకునే ఈ పద్ధతి గురించి ఎవరూ చెప్పలేదు.